పరబుద్ధితో కొన్న వాటా: ఒక ప్రామాణ్య విచారం



గత మాసంలో ఒక శుక్రవారం సాయంకాలం ఒక యువకుడు మా ఆలయానికి వచ్చినాడు. స్వస్థలం రేపల్లె. బాపట్లలో ఇంజనీరింగు చదివి, ప్రస్తుతం హైదరాబాదులో ఉద్యోగం చేయుచున్నాడు. సెలవు ముగించుకొని తిరిగి వెళ్ళుచు, తెనాలిలో రైలు మారవలసిన వ్యవధిలో స్వామి దర్శనానికి వచ్చినాడట. గోత్రనామాలు చెప్పి అర్చన చేయించుకొని, తీర్థం పుచ్చుకొని, శఠారి పెట్టించుకొన్న తరువాత అసలు సంగతి బయటపెట్టినాడు.

“స్వామీ, ఒక టెక్నాలజీ కంపెనీ షేర్లు కొందామనుకుంటున్నాను. నాలుగు లక్షలు. మంచి ముహూర్తం చూసి చెప్పండి.”

“ఏం చేస్తుంది నాయనా ఆ కంపెనీ?”

“ఏదో ఏఐ మీద స్వామీ. మా టీం లీడు గారు కొన్నారు. ఆరు నెలల్లో రెట్టింపయింది. ఇంకా పెరుగుతుందని అందరూ అంటున్నారు.”

“పెరగకపోతే ఎప్పుడు అమ్ముతావు?”

అతడు ఒక్క క్షణం ఆలోచించి, నిర్మలమైన ముఖంతో, “అప్పుడు కూడా ఆయన్నే అడుగుతాను స్వామీ” అన్నాడు.

నేను పంచాంగం తెరువలేదు. మూడు ప్రశ్నలు చెప్పి, వాటికి సమాధానాలు మూడు వాక్యాలలో వ్రాసుకొని మరల రమ్మని పంపినాను. అతడు వెళ్ళిన తరువాత చాలాసేపు ఆ చివరి మాటే నన్ను పట్టుకొన్నది. ఈ వ్యాసం దానికి నేను అప్పటికప్పుడు చెప్పలేకపోయిన సమాధానం.

అర్చకునికి షేర్లతో ఏమి ప్రసక్తి అని కొందరు పెద్దలకు అనిపించవచ్చును. పురుషార్థాలలో రెండవది అర్థమే కదా. పైగా ముంబయి షేరు బజారువారు దీపావళినాడు ముహూర్తపు ట్రేడింగు అని గంటసేపు ప్రత్యేకంగా వ్యాపారం జరుపుదురు. బజారు పంచాంగాన్ని చూచుచుండగా పంచాంగం చూచువాడు బజారు వైపు కన్నెత్తరాదనుట న్యాయం కాదు. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. నేనూ ఆ దారిని నడిచి కాలు విరుగగొట్టుకొన్నవాడనే.

2000వ సంవత్సరం. కంప్యూటరు అను మాట చేరిన ప్రతి వస్తువూ బంగారమైన రోజులవి. అమెరికాలో సాంకేతిక సంస్థలు అధికంగా ఉండు నాస్డాక్ సూచీ ఆ మార్చి 10న 5,000 దాటి శిఖరానికి చేరినది. అక్కడినుండి జారి, మరల ఆ ఎత్తు చూచుటకు 2015 వరకు పట్టినది. ఆ సంగతులేవీ నాకు అప్పుడు తెలియవు. మా బావమరిది ఒక చిన్న సాఫ్టువేరు సంస్థ పేరు చెప్పి, “బావా, ఇది కొను” అన్నాడు. వేదపాఠశాల విడిచిన నాటినుండి దక్షిణలలో మిగిల్చిన ఇరవై ఆరు వేలు తీసి ఇచ్చినాను. ధర సగమైనప్పుడు బావమరిదిని అడిగినాను. అతడు తన స్నేహితుని అడిగినాడు. ఆ స్నేహితుడు బ్రోకరు దగ్గర పనిచేయు మరొకరిని అడిగినాడు. “ఉంచమన్నారు” అను సమాధానం అదే వరుసలో వెనుకకు తిరిగి నా వద్దకు చేరుటకు పది దినాలు పట్టినది; అప్పటికి ధర మరింత సగమైనది. శాస్త్రకారులు దీనిని అంధపరంపర అన్నారు. ఒక గుడ్డివాని భుజం మీద మరొక గుడ్డివాడు చేయి వేసి నడుచు వరుస. కొంతకాలానికి ఆ షేరును కొనువారే లేకపోయినారు. ఆ కాగితాలు నేటికీ మా ఇంటి ట్రంకు పెట్టెలో పాత పంచాంగాల అడుగున ఉన్నవి.

ధనం పోవుటను మించిన విషయమొకటి అక్కడ నాకు బోధపడినది. నేను కొన్నప్పుడు నాకు హేతువు లేదు, ఒక వాక్యం మాత్రమే ఉన్నది. హేతువు ఉన్నట్లయితే అది హేత్వాభాసమని ఒకనాడు తేలియుండును. తేలిన నాడు అమ్మియుందును. లేని హేతువును ఎవరు ఖండింపగలరు? ఇతరుని మాటతో కొన్నవానికి కొనుట సులభం. తాను పొరబడినానని తెలిసికొను ద్వారమే వానికి మూసికొనిపోవును.

ఇక్కడ మన దర్శనాలలోని ఒక ప్రాచీన వివాదాన్ని గుర్తు చేసికొనవలెను. జ్ఞానం సత్యమని దేనివలన తెలియును? నైయాయికులు పరతఃప్రామాణ్యం అన్నారు. దూరాన నీరు కనబడినది. అది నీరేనని ఎప్పుడు నిశ్చయం? వెళ్ళి త్రాగి దప్పిక తీరినప్పుడు. ప్రవృత్తి సఫలమైతేనే జ్ఞానం ప్రమ. మీమాంసకులు దీనిని అంగీకరింపలేదు. ఒక జ్ఞానాన్ని నిలబెట్టుటకు మరొక జ్ఞానం కావలెనన్నచో, ఆ రెండవదానికి మూడవది, మూడవదానికి నాలుగవది కావలసివచ్చును, అది అనవస్థ. కావున జ్ఞానం స్వతహాగా ప్రమాణమే. రెండు సందర్భాలలో మాత్రమే దానిని విడువవలెను: దానికి విరుద్ధమైన బాధకజ్ఞానం కలిగినప్పుడు, లేదా ఆ జ్ఞానాన్ని పుట్టించిన సాధనంలో దోషమున్నదని తెలిసినప్పుడు. కుమారిలభట్టు సంప్రదాయంలో ఇది మూలస్తంభం వంటి సిద్ధాంతం.

తర్కం చదువుకొన్న కాలంలో ఇది పరీక్షలకు కంఠస్థం చేసిన విషయమే. దీని ప్రయోజనం షేరు బజారులో కనబడునని మా గురువుగారు ఊహించియుండరు. ఆలోచించండి. సంస్థ లెక్కలను నమ్ముటకు ఆడిటరు కావలెను. ఆడిటరును నమ్ముటకు ఆయన సంస్థకున్న పేరు కావలెను. ఆ పేరును నమ్ముటకు పత్రికలు, పురస్కారాలు, విదేశీ పెట్టుబడిదారులు కావలెను. వారందరూ ఎవరిని చూచి నమ్మినారని అడిగితే, మొదటి లెక్కలనే చూపుదురు. అనవస్థ కాస్తా చక్రకమై కూర్చున్నది.

ఇది కల్పన కాదు. మన హైదరాబాదులోనే జరిగినది. సత్యం కంప్యూటర్స్ సంస్థను బి. రామలింగరాజు 1987లో స్థాపించినారు. 2008 నాటికి యాభై వేలకు పైగా ఉద్యోగులు, న్యూయార్కు బజారులో నమోదు, ప్రపంచ ప్రసిద్ధమైన ఆడిటు సంస్థ సంతకం, బోర్డులో పేరుపొందిన ఆచార్యులు. సుపరిపాలనకు ఒక అంతర్జాతీయ పురస్కారం కూడా ఆ సంవత్సరమే వచ్చినది. దానిని తరువాత వెనుకకు తీసికొన్నారు. కోస్తా జిల్లాలలో ఆ పేరు ఎరుగని ఇల్లు అరుదు. కుమారుడు సత్యంలో చేరినాడనగానే పెళ్ళి సంబంధాలు వెతుక్కొంటూ వచ్చిన కాలమది.

2008 డిసెంబరు 16. ధనుర్మాసం ప్రవేశించిన వేళ. రాజుగారి కుటుంబానికే చెందిన రెండు మేటాస్ సంస్థలను సుమారు 1.6 బిలియన్ డాలర్లకు సత్యం కొనునని ప్రకటన వచ్చినది. ఒకటి ఇళ్ళ స్థలాల వ్యాపారం, మరొకటి నిర్మాణరంగం. సత్యం అను పేరును ఆంగ్లాక్షరాలలో తిరగవేసి చదివితే మేటాస్ అగును. పేరు పెట్టినవారు ఎంత ఆలోచించినారో తెలియదు గాని, సత్యానికి విలోమం ఏమో మనకందరికీ తెలియును. బోర్డు ఆమోదించినది. పెట్టుబడిదారులు మండిపడుటతో కొన్ని గంటలలోనే ఆ ప్రతిపాదన విరమించుకొన్నారు. మరునాడు మన బజారులో షేరు 226 ప్రాంతంనుండి 158 ప్రాంతానికి పడినది. ఆ నెలలోనే ఆ సంస్థకు ప్రపంచబ్యాంకు తన పనులు ఇయ్యరాదని ఎనిమిదేళ్ళ నిషేధం విధించిన సంగతి బయటికి వచ్చినది. నెలాఖరుకు నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేసినారు.

తరువాత 2009 జనవరి 7. ఆనాడు ముక్కోటి ఏకాదశి. తెల్లవారుజాము మొదలు ఉత్తరద్వార దర్శనానికి బారులు తీరిన భక్తుల నడుమ నాకు బయటి లోకం తెలియదు. మధ్యాహ్నం జనం పలుచబడిన తరువాత ఒక ఉపాధ్యాయుడు వచ్చి, “సత్యం అబద్ధమట స్వామీ” అన్నాడు. పండుగపూట వేదాంతం మాట్లాడుచున్నాడేమోనని నేను చిరునవ్వు నవ్వినాను. ఆయన ముఖం చూచిన తరువాత గాని విషయం అర్థం కాలేదు.

రామలింగరాజు బోర్డుకు లేఖ వ్రాసినారు. లెక్కలలో చూపిన 5,361 కోట్ల నగదులోను, బ్యాంకు నిల్వలలోను 5,040 కోట్లు లేనేలేవు. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభం చూపగా, నిజమైనది 61 కోట్లు. ఆ ఒక్క దినంలోనే షేరు 178 ప్రాంతంనుండి 40కి చేరినది. మరునాడు మొహర్రం సెలవు. ఆ మరునాడు ఇంకా దిగజారినది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో కలిపి పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేళ్ళ శిక్ష విధించినది. దానిపై వారు అప్పీలుకు వెళ్ళినారు.

ఈ కథను అందరూ “ఎవరినీ నమ్మరాదు” అను నీతికి ఉదాహరణగా చెప్పుదురు. నా దృష్టి అంతా ఆ డిసెంబరు 16కు, జనవరి 7కు నడుమ నున్న మూడు వారాల మీదనే. ధనుర్మాసంలో సరిగ్గా ఆ భాగం.

ఒక గృహస్థు తన బుద్ధితోనే సత్యం షేరు కొన్నాడనుకొందాం. అతని హేతువు ఇట్లుండవచ్చును: “ఈ సంస్థ విదేశాలకు సాఫ్టువేరు పని చేసిపెట్టి ధనం గడించును, ఆ ధనాన్ని ఆ పనికే వినియోగించును, నడుపువారు చిన్న వాటాదారుని తమతో సమానంగా చూచుదురు.” అతనికి ఆడిటరు సంతకం అబద్ధమని తెలియు దారి లేదు. ఆ హేతువు తప్పైనను, అప్పటికి అది స్వతహాగా ప్రమాణమే. డిసెంబరు 16న బాధకజ్ఞానం తటాలున వచ్చి ముందు నిలుచున్నది. సాఫ్టువేరు ధనం ఇళ్ళ స్థలాలకు, అందునా యజమాని ఇంటివారి స్థలాలకు పోవుచున్నది. హేతువులోని రెండు అవయవాలు ఒకేసారి విరిగినవి. ప్రతిపాదన విరమించుకొన్నంత మాత్రాన ఆ జ్ఞానం పోదు, తలపెట్టినారన్నదే చాలును. ఆ గృహస్థు మరునాడు 158కి అమ్మి, నష్టపోయితినని బాధపడుచు ఇంటికి పోయియుండును. మూడు వారాల తరువాత ఆ నష్టానికి స్వామికి కొబ్బరికాయ కొట్టియుండును.

పరుల మాటతో కొన్నవాని సంగతి? అతని హేతువు “ఫలానావారు మంచిదన్నారు” అనుటే. డిసెంబరు 16న అది విరుగలేదు. ఫలానావారు ఇంకా మంచిదనే అనుచున్నారు. “ఇంత పెద్ద సంస్థకు ఏమగును, తక్కువ ధరకు దొరకుచున్నది, మరికొన్ని కొనుము” అని కూడా అనియుందురు. అతని ముందు నిలుచున్న బాధకం అతనికి కనబడదు. అది విరుచుటకు అతని వద్ద ఏమీ లేదు.

పూర్వపక్షం ఒకటి వినిపించుచున్నది: “స్వామీ, జరిగినదాని తరువాత అందరూ జ్ఞానులే. ఆచార్యులకు, బ్యాంకర్లకు తెలియనిది తెనాలి గృహస్థుకు తెలియునా?” సమంజసమైన ప్రశ్న. మోసాన్ని ఆతడు పసిగట్టగలడని నేను అనలేదు. మోసం పనిగట్టుకొని దాచబడునది. అయినను ఒక గుర్తు ఎవరికైనను కనబడునట్లు బహిరంగంగానే ఉండినది. 2001 ప్రాంతంలో నాలుగవ వంతుకు చేరువలో ఉండిన వ్యవస్థాపక కుటుంబపు వాటా 2008 నాటికి పదవ వంతుకు లోపుగా దిగినది. మా డెల్టాలో “నా గాదెలో ధాన్యం మీద సాటి లేదు” అని చాటుచు, సంవత్సరం సంవత్సరం తన గాదెను తానే ఖాళీ చేసికొనువానిని చూచితే చదువురాని రైతుకు కూడా అనుమానం కలుగును. ఆ అనుమానం నిర్ణయం కాదు. కారణదోషం ఉన్నదేమోనని వెతుకుటకు ప్రేరణ. ప్రమోటరుల షేర్ల తాకట్టును వెల్లడింపవలెనను నియమాన్ని సెబీ ఈ ఉదంతం తరువాతనే, ఆ 2009 జనవరిలోనే తెచ్చినది.

ఇంకొక మెలిక ఉన్నది; ఇది నాకు మిక్కిలి ఇష్టమైన భాగం. శుక్తిరజతం వేదాంతులకు పరిచితమైన దృష్టాంతం. ముత్యపుచిప్ప వెండిగా భాసించును. బాధకజ్ఞానం కలిగినప్పుడు పోవునది వెండి, చిప్ప పోదు. 2009 జనవరిలో సత్యం విషయంలో పోయినదేమి? 5,040 కోట్ల వెండి. నిలిచినదేమి? వేలాది ఉద్యోగులు, వారు చేయుచున్న పని, దానిని కొనుచున్న విదేశీ ఖాతాదారులు. కేంద్రప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్తవారిని నియమించినది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున పెట్టి సంస్థను చేజిక్కించుకొన్నది. 2013లో రెండూ విలీనమైనప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చినారు. జనవరిలో అందరూ పరుగెత్తినప్పుడు తానూ పరుగెత్తి ఇరవైలలో అమ్మినవాడు వెండితో పాటు చిప్పను కూడా సముద్రంలో పారవైచినాడు. “అబద్ధమేది, నిజమేది” అని విడదీసి చూచినవాడు చిప్పను మిగుల్చుకొన్నాడు. డిసెంబరులో అమ్ముటకు, జనవరిలో ఆగుటకు ఒకే గుణం కావలెను. అట్లని పడిన ప్రతి షేరు కింద ముత్యపుచిప్ప ఉండదు. 2000లో నేను కొన్నదాని కింద ఇసుక కూడా లేదు.

లోకం మాట మంచిదాన్ని కాదన్న సందర్భాలూ లేకపోలేదు. 1993లో ఇన్ఫోసిస్ తొలిసారి షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు, ఒక్కొక్కటి 95 రూపాయలకు, పూర్తిగా కొనువారు లేరు. మిగిలినవి ఒక విదేశీ పెట్టుబడి సంస్థ తీసికొన్నది. అప్పుడు అందరూ వద్దన్నారు, పదిహేనేళ్ళ తరువాత అందరూ సత్యం కావలెనన్నారు. గొర్రెదాటుకు దిక్కు ఉండదు, వేగం మాత్రమే ఉండును.

ఆప్తవాక్యం ప్రమాణం కాదా అని శాస్త్రజ్ఞులు అడుగుదురు. నిశ్చయంగా ప్రమాణమే. అయితే ఆప్తుడెవడు? వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో చెప్పిన లక్షణం రెండు మాటలలో ఇమిడినది: విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగియుండవలెను, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పవలెనను కోరిక ఉండవలెను. ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమని కూడా ఆయనే అన్నాడు. కులాన్ని, హోదాను, బంధుత్వాన్ని ఆయన లెక్కలోనికి తీసికొనలేదు. టెలిగ్రాం బృందంలో షేరు పేరు పంపువానికి మొదటి లక్షణం ఉన్నదా? ఉన్నను రెండవది ఉన్నదా, లేక నీవు కొనిన తరువాత తాను అమ్ముటకు చెప్పుచున్నాడా? మా బావమరిదికి రెండవ లక్షణం నూటికి నూరుపాళ్ళు ఉన్నది, పాపం; తన ధనం కూడా అందులోనే పోయినది. మొదటిది లేదు. ప్రేమ గలవాడు ఆప్తుడన్న భ్రమ మన ఇళ్ళలో కలిగించిన నష్టానికి లెక్క లేదు.

ఇంతవరకు స్వబుద్ధిని పొగడినాను. దాని రోగం కూడా చెప్పకపోవుట దోషం. కామెర్ల రోగికి తెల్లని శంఖం పచ్చగా కనబడును. మీమాంసకులు కారణదోషానికి దీనినే దృష్టాంతంగా చూపుదురు. ఆ రోగి తన కంటిని తానే నమ్మినాడు, అయినను తప్పినాడు. కావలెననుకొన్నది కనబడుట మదుపరి కామెర్లు. షేరు కొన్న మరుక్షణంనుండి దానిని పొగడిన వార్తలే కంటికి ఆనును, తెగడినవి ఆనవు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలో 2021-22 మొదలు మూడు ఆర్థిక సంవత్సరాలలో నూటికి 93 మంది వ్యక్తిగత వ్యాపారులు నష్టపోయినారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటినదని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించినది. వారిలో అనేకులు మేము మా బుద్ధిని నమ్మితిమనే చెప్పుదురు. అది బుద్ధి కాదు, పిత్తం. స్వబుద్ధి అనిపించుకొనుటకు ఒకటే పరీక్ష: “ఏది చూచితే నేను పొరబడితినని ఒప్పుకొందును?” అను ప్రశ్నకు ముందుగానే సమాధానం ఉండవలెను. పచ్చశంఖం చూచిన రోగి పక్కవానిని “నీకేమి రంగు కనబడుచున్నది?” అని అడుగగలిగితే సగం వైద్యం జరిగినట్లే. ఇతరుల మాటకు అక్కడ చోటున్నది: కొనుటకు కారణంగా కాదు, నా కారణాన్ని పరీక్షించుటకు.

మరి సాంకేతిక సంస్థల విషయంలో సామాన్యుని బుద్ధికి పట్టు దొరకునా? ధాన్యం కొనువాడు బస్తాలో గుప్పెడు తీసి, గింజను పంట కొరికి తేమ చెప్పగలడు. సాఫ్టువేరును కొరుకలేము. అయినను తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో సాఫ్టువేరు ఉద్యోగి లేని వీధి ఉండదు. ఆ సంస్థలు విదేశీ ఖాతాదారులకు మనుషుల లెక్కన, గంటల లెక్కన పని అమ్మి డాలర్లు తెచ్చుకొనునని ఆ ఇళ్ళవారికి తెలియును. ఇప్పుడు యంత్రమే ప్రోగ్రాములు వ్రాయుచున్నదనుచున్నారు. గంటలు తగ్గితే ఆదాయం తగ్గునా, లేక అదే ధరకు ఎక్కువ పని చేసి ఎక్కువమందిని సంపాదించునా? ఇది మా వృత్తివారికి కొత్త ప్రశ్న కాదు. యూట్యూబులో మంత్రాలు పెట్టుకొని సత్యనారాయణ వ్రతం చేసికొనువారు మా వీధిలోనే ఉన్నారు. వ్రతాలకు పిలుపులు కొంత తగ్గినవి. గృహప్రవేశాలకు, ఉపనయనాలకు తగ్గలేదు. ఏ పని యంత్రం చేతికి పోవును, ఏ పనికి ఎదురుగా కూర్చున్న మనిషినే కోరుదురు అన్నది నేను నా జీవిక మీద చూచిన విషయం. ఒక సాంకేతిక సంస్థను గురించి నేను ఆలోచింపవలసివస్తే అక్కడినుండే మొదలుపెట్టుదును. ఎవరి అనుభవంలోని గింజను వారు కొరకవలెను. కొరుకుటకు గింజ దొరకని సంస్థ జోలికి పోకుండుట కూడా స్వబుద్ధే. నా వరకు నూటికి తొంభై సంస్థలు ఆ కోవలోనివే.

ఉద్యోగులకు ఒక మాట. తాను పనిచేయు సంస్థ లోపలి రహస్యాన్ని పట్టుకొని షేర్లు కొనుట, అమ్ముట చట్టవిరుద్ధం. అధర్మం కూడా, అది అన్నం పెట్టిన ఇంటి గాదెకు కన్నం వేయుట. అంతకంటె సాధారణమైన పొరపాటు మరొకటి: జీతం వచ్చు సంస్థలోనే పొదుపంతా పెట్టుట. పెనుమూడి, పులిగడ్డల నడుమ వారధి రాకముందు కృష్ణ దాటవలెనంటే పడవే దిక్కు. మా మాతామహులు పెళ్ళికి వెళ్ళునప్పుడు నగల పెట్టెను ఒక పడవలోను, పిల్లలను మరొక పడవలోను ఎక్కించెడివారు. పడవవాని మీద ఆయనకు అనుమానమేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఎరిగినవాడే. 2009లో ఉద్యోగమూ, షేర్లూ ఒకే పడవలో పెట్టుకొన్నవారికి రెండూ ఒకే ఉదయాన ఊగినవి.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మా ఊరి పిల్లలకు ఉగ్గుపాలతో తెలియును. కాగిన పాలలో ఒకసారి మూతి పెట్టి కాల్చుకొన్న పిల్లి, తరువాత రాయలవారి ఎదుట చల్లని పాలు పెట్టినను పరుగెత్తినదట. నా ఇరవై ఆరు వేలు పోయిన తరువాత చాలా ఏళ్ళు నేను ఆ పిల్లినే. షేరు అను మాట వినబడితే ఆమడ దూరం. వేడికీ పాలకూ భేదం తెలిసికొనుటకు నాకు సత్యం కథ కావలసివచ్చినది. అటుపిమ్మట కొన్నవి కొద్ది. ప్రతిదానికీ ఒక పాత నోటుపుస్తకంలో మూడు వాక్యాలు ఉన్నవి. రెండింటిని నా మూడవ వాక్యమే అమ్మించినది. ఒకటి అమ్మిన తరువాత చాలా పెరిగినది కూడా. దానికి విచారం లేదనను, ఉన్నది.

రేపల్లె యువకుడు మొన్న మరల వచ్చినాడు. కాగితం తెచ్చినాడు. మొదటి ప్రశ్న: ఈ సంస్థకు ధనం ఎవరు, దేనికి ఇచ్చుచున్నారు? నాలుగు పంక్తులు వ్రాసినాడు, బాగుగానే ఉన్నవి. కొంత చదివినాడని తెలియుచున్నది. రెండవది: అది ఇకముందు కూడా సాగునని నేనెందుకు అనుకొనుచున్నాను? ఒకటిన్నర పంక్తి. మూడవది: ఏది చూచితే నా ఆలోచన తప్పని ఒప్పుకొందును? అక్కడ “ధర ఇరవై శాతం పడితే” అని ఉన్నది.

“అది ఇతరుల ఆలోచన మారినదని చెప్తుంది నాయనా. నీ ఆలోచన ఎప్పుడు మారుతుంది?” అని అడిగినాను.

అతడు కలం తీసి ఆ పంక్తిని కొట్టివేసినాడు. దాని కింద వ్రాయబోయి ఆగినాడు. “స్వామీ, నాలుగు లక్షలన్నది ఇప్పుడు కొంచెం ఎక్కువగా కనిపిస్తున్నది” అన్నాడు. రేపల్లె బండికి వేళయినదని కాగితం మడిచి జేబులో పెట్టుకొని, ప్రసాదం కన్నులకద్దుకొని వెళ్ళినాడు. ముహూర్తం సంగతి అతడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.